కాళ్ల తిమ్మిరి వదలడం లేదా? విశాఖలో ముందు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలో ఇలా తేల్చుకోండి

సింహాచలం గిరి ప్రదక్షిణ చేసొచ్చిన మర్నాడు మా అమ్మ పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే అరికాల్లో రూపాయి బిళ్లంత బొబ్బ కనబడింది. అప్పటికే చితికిపోయి, చుట్టూ తోలు లేచిపోయి ఉంది. "నొప్పి పుట్టలేదా అమ్మా?" అన్నాను. "ఏదీ, నాకేటీ తెలీలేదే!" అంది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు ఒట్టి కాళ్లతో నడిచిన మనిషికి, కాలు బొబ్బెక్కి చితికినా తెలియలేదంటే గుండె జారిపోయింది. అప్పుడు నెమ్మదిగా బయటపెట్టింది. ఏడాదిగా వేళ్ల చివర్లు తిమ్మిరిగా ఉంటున్నాయట. చెప్పు జారిపోయినా రెండడుగులు వేశాకగానీ తెలియడం లేదట. వయసు మీద పడింది కదా అని ఊరుకుందట.

ఆ తర్వాత తప్పు మేం చేశాం. కాలు కాబట్టి ఎముకల డాక్టర్ అనుకున్నాం. ఆయన ఎమ్మారై రాశారు, నడుం దగ్గర డిస్క్ కాస్త ఉబ్బిందని రిపోర్టు వచ్చింది. నడుముకి బెల్టు, ఫిజియోథెరపీ, బిళ్లలు. పది వారాలు గడిచినా తిమ్మిరి అలాగే ఉంది. అన్ని రోజుల్లో ఆమె పాదానికి చిన్న దూది ముక్క ఆనించి చూసినవాళ్లు లేరు, షుగర్‌కి ఏం వాడుతున్నారని అడిగినవాళ్లూ లేరు. చివరికి మా వీధి చివర క్లినిక్‌లో కూర్చునే జనరల్ మెడిసిన్ డాక్టర్ పావుగంట కాళ్లు పరీక్షించి, "మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారమ్మా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. తొమ్మిదేళ్లు. ఆ షుగర్ బిళ్ల ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బి12 తగ్గొచ్చట, అందుకని బి12 పరీక్ష రాశారు. 200 కంటే తక్కువుంటే లోపం కింద లెక్క. అమ్మకి 140 వచ్చింది.

కాలికి తిమ్మిరి వచ్చిందంటే జబ్బు కాల్లోనే ఉండాలని లేదు. నడుంలో ఉండొచ్చు, మెడలో ఉండొచ్చు, మెదడులో ఉండొచ్చు, రక్తంలో ఉండొచ్చు, చర్మంలో ఉండొచ్చు, వాడే మందులోనూ ఉండొచ్చు. అందుకే ఏ డాక్టర్ అనేది బోర్డులు చూసి కాదు, తిమ్మిరి ఎక్కడ ఉంది, ఎలా మొదలైంది, దాంతో పాటు ఇంకేం వచ్చింది అనేవి చూసి తేల్చుకోవాలి. ఆ పని ఇంట్లో కూర్చుని ఎలా చేయాలో చెబుతాను.

ముందుగా: ఇవి ఉంటే ఇది చదవడం ఆపి బయల్దేరండి

ఒక పక్క కాలూ చెయ్యీ ఒకేసారి మొద్దుబారాయా? మూతి ఒక పక్కకి పోయిందా? మాట ముద్దగా వస్తోందా? అది పక్షవాతం కావచ్చు. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్‌ని లక్షణం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. ఆ గంటలు లెక్కపెట్టేది లక్షణం మొదలైన నిమిషం నుంచి. కాబట్టి గడియారం చూసి సమయం గుర్తుపెట్టుకోండి, 108కి ఫోన్ చేయండి, సీటీ స్కాన్ ఇరవై నాలుగ్గంటలూ ఉండే పెద్దాసుపత్రికే తీసుకెళ్లండి. కాస్త పడుకుంటే సర్దుకుంటుందిలే అని పొద్దుటిదాకా ఆగొద్దు.

రెండోది చాలామందికి తెలియదు, చెప్పడానికి సిగ్గుపడతారు కూడా. నడుం నొప్పితో పాటు రెండు తొడల మధ్య భాగం, అంటే సైకిల్ సీటు ఆనే చోటంతా మొద్దుబారి, మూత్రం బంద్ అయినా, తెలియకుండా పడిపోతున్నా, మలం ఆపుకోలేకపోతున్నా వెన్ను కింది నరాల కట్ట నలిగిపోతోందని అర్థం. అదే రోజు ఎమ్మారై తీసి, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. ఇంట్లో ఆడవాళ్లు ఈ సంగతి పైకి చెప్పరు. మీరే అడగండి.

మూడోది: విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గిన ఒకటి నుంచి మూడు వారాల్లో పాదాలు తిమ్మిరెక్కి, ఆ తర్వాత కాళ్లలో సత్తువ రోజురోజుకీ పైకి పైకి తగ్గుతూ వస్తుంటే. నిన్న మెట్లెక్కిన మనిషి ఇవాళ కుర్చీలోంచి లేవలేకపోతే అది ఊపిరి తీసే కండరాల దాకా పాకగలదు. దీన్ని గీయాన్ బారే సిండ్రోమ్ అంటారు. ఓపీ చీటీ కాదు, క్యాజువాలిటీకి.

ఒక కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, విపరీతంగా నొప్పి పెడుతూ మొద్దుబారితే రక్తనాళం మూసుకుపోయినట్టు. ఆరు గంటలు దాటేకొద్దీ కాలు దక్కే అవకాశం తగ్గిపోతుంది. అలాగే దెబ్బ తగిలాక, కిందపడ్డాక వచ్చిన తిమ్మిరికీ, తిమ్మిరెక్కిన కాలికి పుండుపడి జ్వరం కూడా వస్తే దానికీ రేపు అనే మాట లేదు.

ఇవేవీ లేకపోతే ఊపిరి పీల్చుకోండి. మీకు ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంది. ఆ వ్యవధిని కింద చెప్పిన పనికి వాడుకోండి.

మొదటి పని: తిమ్మిరి అనే మాటని విడగొట్టండి

మనం అన్నిటికీ కలిపి తిమ్మిరి అనేస్తాం. డాక్టర్‌కి అది సరిపోదు. స్పర్శ తగ్గడం వేరు: చెయ్యి ఆనించినా గుడ్డ కప్పి ముట్టుకున్నట్టుండటం, నేల మీద నడుస్తుంటే దూది మీద నడుస్తున్నట్టుండటం. జివ్వుమనడం వేరు: చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, రాత్రిపూట కారం రాసినట్టు మంట. బలం తగ్గడం వేరు: కాలు ఎత్తబోతే వేళ్లు నేలకి రాసుకోవడం, మెట్టు తగిలి తూలడం. నొప్పి పుట్టి కాలు లాగడం మళ్లీ వేరు. "తిమ్మిరండీ" అని మీరంటే, మీది బలం తగ్గడమని ఆయనకి ఎలా తెలుస్తుంది? ఈ నాలుగింట్లో మీకు ఏవి ఉన్నాయో మీ మాటల్లోనే ఒక కాగితం మీద రాయండి. ముఖ్యంగా బలం తగ్గిందా లేదా అన్నది స్పష్టంగా రాయండి. బలం తగ్గితే తొందర ఎక్కువ, ఆ వారంలోనే చూపించుకోవాలి.

రెండో పని: కాలి మీద పటం గీయండి

ఇది నా మాటగా చేయండి. మంచం మీద కూర్చుని, కాళ్లు చాపి, కళ్లు మూసుకోండి. ఇంట్లో ఇంకొకరు దూదిని సన్నగా పేని, ఆ చివరతో తొడ నుంచి వేళ్ల దాకా మెల్లగా ఆనిస్తూ రావాలి. ముందూ వెనకా, లోపలి వైపూ బయటి వైపూ, అరికాలూ. తగిలినప్పుడల్లా మీరు "ఊ" అనండి. "ఊ" రాని చోట, లేదా తేడాగా అనిపించిన చోట బాల్‌పెన్‌తో గీత గీయించుకోండి. రెండు కాళ్లకీ చేయండి. అయ్యాక ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ గీతల ఆకారమే మీకు దారి చూపిస్తుంది.

మా అమ్మ గీతలు రెండు కాళ్లకీ మేజోళ్లు తొడిగినట్టు చీలమండల పైదాకా సమంగా వచ్చాయి. ఇది మేం డాక్టర్ దగ్గరికెళ్లక ముందు చేసుంటే పది వారాలు కలిసొచ్చేవి. రెండు పాదాలూ వేళ్ల చివర్ల నుంచి మొదలై సమానంగా పైకి పాకితే నడుంలో ఒక డిస్క్ వల్ల కావడం అరుదు. అది ఒంట్లో ఉన్న దోషం: షుగర్, బి12 లోపం, థైరాయిడ్, మూత్రపిండాల జబ్బు, ఏళ్ల తరబడి మద్యం, కొన్ని మందులు. టీబీకి వాడే ఐసోనియాజిడ్, క్యాన్సర్‌కి ఎక్కించే కొన్ని కీమో మందులు ఈ కోవలోవే. షుగర్ ఇంకా ముదరని దశలో కూడా, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉన్నవాళ్లలో కూడా, కొందరికి పాదాల నరాలు దెబ్బతింటాయి. ఈ పటం వస్తే నేరుగా జనరల్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఒక్క కాలికే, నడుం నుంచో పిరుదు నుంచో గీత గీసినట్టు కిందికి దిగితే నడుం దగ్గర నరం నొక్కుకుంటోందని అనుమానించాలి. మనం సయాటికా అనేది ఇదే. తిమ్మిరి బొటనవేలికీ పాదం పైభాగానికీ వస్తే ఒక నరం, చిటికెన వేలు, పాదం బయటి అంచు, పిక్క వెనక వస్తే దాని కింది నరం. దగ్గినా తుమ్మినా కాల్లోకి జివ్వుమని దిగిందంటే ఆ అనుమానం బలపడుతుంది. వీళ్లు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లినా తప్పులేదు, జనరల్ మెడిసిన్‌లో చూపించుకున్నా తప్పులేదు. బలం తగ్గకపోతే, మూత్రం ఇబ్బంది లేకపోతే చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే నెమ్మదిస్తుంది. మొదటి వారంలోనే ఆపరేషన్ మాటెత్తితే రెండో డాక్టర్‌ని అడగడం మీ హక్కు.

తొడ బయటి పక్క అరచేతి వెడల్పున మాత్రమే మొద్దుబారి, మంటగా ఉండి, మోకాలి కిందకి అసలు దిగకపోతే గజ్జల దగ్గర ఒక చర్మపు నరం నొక్కుకోవడమే కారణం కావచ్చు. బిగుతు జీన్సు, బెల్టు, బిగించి కట్టిన లంగా బొందు, పెరిగిన పొట్ట, గర్భం. ఇది ప్రమాదం కాదు. బొందు వదులు చేసి రెండు వారాలు చూడండి.

పిక్క బయటి పక్కా, పాదం పైభాగమూ మొద్దుబారి, పాదం పైకెత్తలేకపోతుంటే మోకాలి కింద బయటి వైపు చేత్తో తడిమితే తగిలే ఎముక బొడిపె దగ్గర ఆగండి. అక్కడ ఒక నరం ఎముక మీదే, తోలు కిందే పోతుంది. ఫిషింగ్ హార్బర్‌లో గంటల తరబడి గొంతుకూర్చుని రొయ్యలు ఒలిచేవాళ్లకీ, టైల్స్ పని చేసేవాళ్లకీ, కాలు మీద కాలేసుకుని కూర్చునే అలవాటున్నవాళ్లకీ అది నలుగుతుంది. వీళ్లు నరాల డాక్టర్, అంటే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి. ఈలోపు ఆ కూర్చోవడం మానాలి. కూర్చోవాల్సిందే అయితే చిన్న పీట వేసుకోండి.

మచ్చ మీద మాత్రమే స్పర్శ పోయిందా? చుట్టూ బాగానే ఉండి, తెల్లగానో ఎర్రగానో ఉన్న ఒక మచ్చ మీద దూది తెలియకపోతే, అక్కడ చెమట పట్టకపోతే, దురద లేకపోతే చర్మవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. కుష్టు అలాగే మొదలవుతుంది. ఆ పేరు విని దాచుకోవద్దు. 6 నెలలో 12 నెలలో మందులు వాడితే పూర్తిగా నయమవుతుంది, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. దాచిపెట్టిన కాలంలోనే నరం చచ్చిపోయి వేళ్లు వంకర్లు పోతాయి.

రెండు కాళ్లూ మొద్దుబారి, బిగుసుకుపోయినట్టుండి, నడుస్తుంటే తూలుతూ, దాంతో పాటు చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంటే, సంతకం మారిపోతుంటే, నడుం సంగతి పక్కనపెట్టి మెడ చూపించాలి. మెడలో వెన్నుపాము నొక్కుకుంటే కాళ్లే ముందు చెబుతాయి. నడుం ఎమ్మారై మాత్రమే తీయించుకుని "ఏమీ లేదు" అనిపించుకుని ఇంటికొచ్చేవాళ్లు ఇందులోనే ఎక్కువ. న్యూరాలజిస్ట్‌కి గానీ న్యూరోసర్జన్‌కి గానీ చూపించండి, తొందరగా.

మూడో పని: నడిచి చూడండి

గోడ పక్కన నిలబడి మడమల మీద ఐదడుగులు, తర్వాత మునివేళ్ల మీద ఐదడుగులు వేయండి. ఒక కాలు మాట వినకపోతే రాసుకోండి. తర్వాత పాదాలు దగ్గర చేర్చి నిలబడి కళ్లు మూసుకోండి, పక్కన ఒకరిని ఉంచుకుని. తూలిపోతే పాదాల నుంచి మెదడుకి కబురు సరిగ్గా వెళ్లడం లేదన్నమాట. స్నానాల గదిలో ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకోగానే పడబోయేవాళ్లది ఈ బాధే.

పెద్దవాళ్లకైతే ఇంకొకటి గమనించండి. బీచ్‌రోడ్డులో వాకింగ్‌కి వెళ్తే ఎంత దూరానికి కాళ్లు మొద్దుబారుతున్నాయి, ఏం చేస్తే తగ్గుతోంది? ఉత్తినే నిలబడితే చాలదు, బెంచీ మీద కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతోందంటే వెన్నులో నరాల దారి ఇరుకైంది. కైలాసగిరి ఎక్కేటప్పుడు ముందుకు వంగుతాం కాబట్టి బాగానే ఉండి, దిగేటప్పుడు పట్టేస్తుంది. అదే పిక్క పట్టేసి, నిలబడితే రెండు నిమిషాల్లో వదిలేస్తోందంటే కాలికి రక్తం చాలడం లేదు. చుట్టా సిగరెట్లు కాల్చేవాళ్లలో, షుగర్ వాళ్లలో ఇది మామూలు. మొదటిదానికి వెన్ను చూసే డాక్టర్, రెండోదానికి రక్తనాళాలు చూసే వాస్క్యులర్ సర్జన్. చీలమండ దగ్గరా చేతికీ బీపీ చూసి పోలుస్తారు. కాలిది చేతిదానిలో 0.9 వంతు కంటే తక్కువుంటే రక్తనాళం ఇరుకైనట్టు. ఈ తేడా మీరు చెప్పకపోతే రెండూ ఒకేలా కనబడతాయి.

వేడినీళ్లలో కాలు పెట్టి స్పర్శ ఉందో లేదో చూసుకోవడం మాత్రం ఎవరూ చేయకండి. కాలి తోలు ఊడొచ్చాకగానీ తెలియదు.

నాలుగో పని: మొదటి డాక్టర్

పటం పైన చెప్పిన వాటిలో దేనితోనూ కలవకపోయినా, రెండింటితో కలిసినా, ఏమీ అర్థం కాకపోయినా ఎండీ జనరల్ మెడిసిన్ అని బోర్డున్న డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పెద్ద స్పెషలిస్ట్‌ని ముందే చూస్తే సమయం కలిసొస్తుందని అనిపిస్తుంది. కానీ ప్రతి స్పెషలిస్టూ తన వైపు నుంచి చూస్తారు, అది వాళ్ల తప్పు కాదు. కాలికీ నడుముకీ రక్తానికీ కలిపి ఆలోచించడం ఎండీ పని.

మంచి పరీక్ష ఎలా ఉంటుందో తెలిసుంటే మోసపోరు. చెప్పులు, సాక్సు విప్పించాలి. బల్ల మీద పడుకోబెట్టాలి. దూదీ, సన్నటి నైలాన్ తీగా ఆనించి స్పర్శ చూడాలి. కంపించే ఫోర్కు బొటనవేలి ఎముక మీద పెట్టి "ఝుమ్మంటోందా?" అని అడగాలి. మోకాలి దగ్గరా మడమ దగ్గరా చిన్న సుత్తితో కొట్టాలి. పాదం మీద నాడి వెతకాలి. ఇవేవీ లేకుండా కుర్చీలో కూర్చోబెట్టి ఎమ్మారై రాస్తే, "ఒకసారి కాళ్లు చూడండి సార్" అని అడగండి. మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

రక్తపరీక్షల్లో సాధారణంగా వచ్చేవి: హెచ్‌బీఏ1సీ, బి12, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, మూత్రపిండాలకి క్రియాటినిన్, రక్తకణాల లెక్కకి సీబీపీ. ఒక జాగ్రత్త. రక్తం ఇవ్వకముందే మందుల షాపులో అడిగి నరాల బలానికని బి కాంప్లెక్సు బిళ్లలు మింగొద్దు. బి12 అంకె పెరిగిపోయి, లోపం ఉన్నా లేనట్టు కనబడుతుంది. ఇంకొకటి, ఆ బిళ్లల్లో కొన్నింట్లో బి6 మోతాదు ఎక్కువుంటుంది. దాన్ని నెలల తరబడి వాడితే దానివల్లే పాదాలు తిమ్మిరెక్కుతాయి. శాకాహారులూ, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లూ, గ్యాస్‌కని పాంటాప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునేవాళ్లూ బి12 పరీక్ష తప్పకుండా అడగండి. మెట్‌ఫార్మిన్ మాత్రం మీకై మీరు ఆపొద్దు, అది డాక్టర్ తేల్చాలి.

అక్కడి నుంచి ఎవరి దగ్గరికి

పేర్లు కలగాపులగం అవుతుంటాయి, అందుకే చెబుతున్నాను. నరాల డాక్టర్ అని మనం ఇద్దరినీ అంటాం. న్యూరాలజిస్ట్ మందులతో వైద్యం చేస్తారు, పేరు చివర డీఎం ఉంటుంది. న్యూరోసర్జన్ ఆపరేషన్ చేస్తారు, ఎంసీహెచ్ ఉంటుంది. డీఎన్‌బీ చేసినవాళ్లూ ఉంటారు, ఏ విభాగంలోనో పక్కన రాసుంటుంది, చదవండి. కారణం తెలియని తిమ్మిరికి ముందు న్యూరాలజిస్ట్. కారణం తెలిసి, కత్తి అవసరమని తేలాక న్యూరోసర్జన్ లేదా వెన్ను ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టర్. షుగర్ ఎంతకీ అదుపులోకి రాకపోతే ఎండోక్రినాలజిస్ట్.

న్యూరాలజిస్ట్ నరాల వేగం చూసే పరీక్ష రాయొచ్చు. కాలి మీద చిన్న కరెంటు చురకలు పెట్టి కబురు ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు. చురుక్కుమంటుంది, భరించలేనంత కాదు. ఆ రోజు కాళ్లకి నూనె, క్రీము రాసుకోవద్దు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. నరానికి దెబ్బ తగిలిన మొదటి వారంలో చేస్తే తేడా పూర్తిగా కనబడకపోవచ్చు, మూడు వారాలు ఆగి చేయమంటే అందుకే. సన్నటి నరాలు మాత్రమే పాడైతే ఈ పరీక్షలో అంతా బాగుందనే వస్తుంది. అలాగని మీ మంట అబద్ధమని కాదు.

ఎమ్మారై గురించి ఒక మాట. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, అసలు నడుం నొప్పే లేనివాళ్ల స్కాన్లు చూస్తే 20 ఏళ్లవాళ్లలో 30 శాతం మందికీ 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికీ డిస్క్ ఉబ్బి కనబడింది. అంటే రిపోర్టులో డిస్క్ ఉబ్బని ఉండటం వేరు, మీ తిమ్మిరికి అదే కారణం కావడం వేరు. మీ పటం, ఆ రిపోర్టులో నరం ఒకదానికొకటి సరిపోవాలి. మా అమ్మ విషయంలో సరిపోలేదు. ఆ సంగతి మాకు తెలియక ఆమె ఆ పది వారాలూ బెల్టు బిగించుకుని చెమటలో ఉడికిపోయింది.

విశాఖలో ఎక్కడికి

డబ్బు ఇబ్బంది ఉంటే ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఉండనే ఉంది. 1923 నుంచి ఉత్తరాంధ్ర మొత్తానికీ అదే పెద్ద దిక్కు. జనరల్ మెడిసిన్, న్యూరాలజీ, న్యూరోసర్జరీ, ఎముకలు, చర్మం అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి, ఆంధ్రా మెడికల్ కాలేజీ ప్రొఫెసర్లు చూస్తారు. ఓపీ పొద్దున్నపూటే కాబట్టి తెల్లారగట్ల బయల్దేరండి. ముందు జనరల్ మెడిసిన్‌లో చూపించుకుని, వాళ్లు రాసిస్తే న్యూరాలజీకి వెళ్లడం సుఖం. ఆవరణ కొండవాలు మీద ఉంది, కేజీహెచ్ అప్, డౌన్ అని అనేది అందుకే. కాళ్లు తూలేవాళ్లని తీసుకెళ్తే ఒకరు లైన్లో ఉండాలి, ఒకరు పెద్దాయన పక్కన ఉండాలి. వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడొద్దు. హనుమంతవాక దగ్గర విమ్స్ ఆసుపత్రి కూడా ప్రభుత్వానిదే. మధురవాడ, ఆనందపురం వైపు వాళ్లకి దగ్గర.

స్టీల్‌ప్లాంట్ వాళ్లకి ఉక్కునగరంలో, పోర్టు, రైల్వే, నేవీ వాళ్లకి వాళ్ల ఆసుపత్రులు, ఈఎస్ఐ కార్డున్నవాళ్లకి మల్కాపురంలో ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ మొదలుపెట్టి రిఫరల్ రాయించుకుంటే బయట ఖర్చు కలిసొస్తుంది. నేరుగా బయటికెళ్లి తర్వాత బిల్లులు పెట్టుకుంటే తిరస్కరించే ప్రమాదం ఉంది. ప్రైవేటు అయితే రామ్‌నగర్, మహారాణిపేట, అరిలోవ దగ్గర హెల్త్ సిటీల్లో స్పెషలిస్టులు దగ్గర దగ్గరగా ఉంటారు. అయినా మొదటి డాక్టర్ మీ పేటలో ఉన్నవాళ్లే మేలు. గాజువాక నుంచి, పెందుర్తి నుంచి ప్రతి వారం ఊరు దాటి రావడం ఎవరివల్లా కాదు, మధ్యలో వైద్యం ఆపేస్తారు. అడ్మిట్ కావాల్సి వస్తే ప్రభుత్వ వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లని ముందే అడగండి, డబ్బు కట్టేశాక కాదు.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా సంచీలో వేసుకోండి, ఆయుర్వేదం పొడులూ కూడా. పటం ఫొటో, మీరు రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. సులువుగా పైకి జరిగే లుంగీ, ప్యాంటు, చీర కట్టుకోండి. లోపలికి వెళ్లగానే మొదటి వాక్యం సిద్ధంగా ఉంచుకోండి. తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు మా అమ్మకి మేం నేర్పింది ఇది: "రెండు కాళ్లూ, వేళ్ల నుంచి, ఏడాదిగా. స్పర్శ తగ్గింది, బలం ఉంది. షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ తొమ్మిదేళ్లు." పది సెకన్లు పట్టదు. డాక్టర్ పెన్ను కింద పెట్టి తలెత్తి చూశారు.

ఈలోపు చేయకూడనివి

నరం పట్టించడానికి మాలీషు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు, స్పర్శ లేని కాలిని వాళ్లు ఎంత నలిపినా మీకు తెలియదు. తిమ్మిరికని ఎవరు పడితే వాళ్లచేత పిరుదుకి సూది వేయించుకోవద్దు. సూది తగలరాని చోట తగిలితే సయాటిక్ నరమే దెబ్బతిని పాదం వేలాడిపోతుంది. వేడినీళ్ల సంచీ, హీటర్ దగ్గర కాళ్లు పెట్టడం, ఒట్టి కాళ్లతో మిట్టమధ్యాహ్నం బీచ్ ఇసకలో నడవడం మానండి. మొక్కుంటే గిరి ప్రదక్షిణకి వెళ్లే ముందు డాక్టర్‌ని అడిగి వెళ్లండి.

బి12 ఇంజెక్షన్లు మొదలెట్టిన రెండు నెలలకి మా అమ్మకి రాత్రిళ్లు మంటలు తగ్గాయి. స్పర్శ ఇంకా మెల్లగా వస్తోంది, వేళ్ల చివర్లు ఇప్పటికీ అంతంతమాత్రమే. ఎంత ఆలస్యంగా మొదలెడితే అంత తక్కువ తిరిగొస్తుందని డాక్టర్ ముందే చెప్పారు. రోజూ రాత్రి అన్నం తిన్నాక ముఖం చూసుకునే చిన్న అద్దం నేల మీద పెట్టి, దానిమీదుగా ఒక్కో అరికాలూ చూసుకుంటుంది. వేళ్ల సందులు తుడుచుకుంటుంది. చెప్పులో కాలు పెట్టేముందు చెయ్యి పెట్టి రాయి ఉందేమో తడుముతుంది. మీ ఇంట్లో తిమ్మిరున్నవాళ్లకి ఈ మూడూ ఈ రాత్రే మొదలెట్టించండి. డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడైనా కానీయండి, దీనికి ఆగనక్కర్లేదు.